మండువాకు రెక్కల కప్పు

ఇంటికి గోడలును కప్పును ఎంత అవసరమో, ఆ గోడల నడుమ కొంత ఆకాశమును అంత అవసరమే యని మన పెద్దలు తలచిరి. నాలుగు వైపుల వసారాలును, నడుమ పైకప్పులేని మండువాయును గల లోగిళ్లు గోదావరీతీరమున నేటికిని అక్కడక్కడ నిలిచియున్నవి. అట్టి యిండ్లలో కాపురము చేయు గృహిణులకు ఏటేట ఒక్కటే చిక్కు. ఎండవానలనుండి ఇంటిని కాపాడుకొనవలయునా, ఇంటిలోని ఆకాశమును కాపాడుకొనవలయునా? ఈ విషయమై మేము చేసిన పొరపాటును, పిదప దానిని దిద్దుకొన్న విధమును సోదరీమణులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నాలుగు శాలలుగల ఇట్టి యింటిని సంస్కృతగ్రంథములు చతుశ్శాలమందురు. వరాహమిహిరాచార్యులు బృహత్సంహితయందు సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అను దాని భేదములను వివరించిరి. ఇది మన దేశమునకు మాత్రమే చెందిన ఏర్పాటు కాదు. క్రీ.శ. 79వ సంవత్సరమున అగ్నిపర్వతపు బూడిదక్రింద మునిగిపోయిన ఇటలీదేశపు పాంపేయీ నగరమునందును, ఇంటినడుమ కప్పు తెరపియై, దాని క్రింద వాననీరు పడుటకు తొట్టిగల యిండ్లు త్రవ్వకములలో బయల్పడినవి. ఎండయు వానయు మెండుగా గల దేశములవారందరు ఇంటిలోనికి ఆకాశమును పిలిచిన వారే. పిలిచిన అతిథి పెంకెతనము చేసినపుడు ఏమి చేయవలయునన్నదే చిక్కు.

మా యిల్లు కోనసీమలో మావారి తాతగారు కట్టించినది. మండువా తూర్పుపడమరలకు 12 అడుగులు, ఉత్తరదక్షిణములకు 10 అడుగులు. నాలుగు వైపులనుండి పెంకుల చూరులు లోపలికి వాలియుండును. చూరునీరు రేకుదోనెలలో పడి, రాతితూముగుండ పెరటిలోని కొబ్బరిపాదులకు పోవును. ఆకాశమునుండి నేరుగా పడు నీరు మండువారాళ్లమీదుగా ఆ తూములోనికే చేరును. దొంగలకును కోతులకును వెరచి పైన ఇనుపచువ్వల జాలిని పూర్వమే బిగించియుండిరి. నడుమ తులసికోట, దాని ప్రక్కను మా అత్తగారి పీట. పప్పు చెరుగుటయు, ఒడియములు పెట్టుటయు, పిల్లలకు తల దువ్వుటయు, సాయంకాలము పురాణము చదువుటయు అక్కడనే. కార్తికసోమవారములలో ఆమె పగలెల్ల ఉపవాసముండి, ఆ పీటమీదనే కూర్చుండి తల యెత్తి నక్షత్రదర్శనము చేసికొని, పిదప భోజనమునకు లేచెడివారు.

2022వ సంవత్సరము శ్రావణమాసమున ఒక వేకువను, వాన పడుచుండగనే తులసికి దీపము పెట్టబోయి ఆమె పాచిరాళ్లపై జారిపడిరి. కుడిచేతి మణికట్టు ఎముక చిట్లెను. ఆరువారములు కట్టు. ఆ దినముననే మేము మావారితో, “ఇక మండువా మూయింపక తప్పదు” అంటిమి. నిజము చెప్పవలెనన్నచో అత్తగారి చేయి మాకు దొరికిన ఒక నెపము మాత్రమే. వానాకాలమున దినమునకు నాలుగుమార్లు నాలుగు వసారాలును తుడిచి తుడిచి మా నడుము విసిగియుండెను. మావారు మారుమాట పలుకక, ఇనుపగొట్టములపై తెల్లని ప్లాస్టిక్ రేకులు బిగింపించిరి. వాన ఆగినది. మేము సంతసించితిమి.

ఆ సంతోషము మరుసటి వేసవివరకును నిలువలేదు. 2023వ సంవత్సరము వైశాఖమున మండువా వీధియరుగుకంటె వేడిగా నుండుట చూచి ఆశ్చర్యపడితిమి. దాని కారణమును మావారు, బడిపిల్లలకు చెప్పినట్లు మాకు చెప్పిరి. అట్టి రేకుగుండ ఎండవెలుతురు లోపలికి వచ్చును. దానిచే కాగిన రాళ్లును గోడలును వెలిగ్రక్కు వేడిమి కంటికి కానరాని వేరువిధమైన కిరణములు. అవి ఆ రేకును దాటి తిరిగి పోజాలవు. శీతలదేశములలో అద్దపుటిండ్లలో మొక్కలు పెంచు కిటుకు ఇదియే. మరియు వేడిగాలి తేలికయగుటచే పైకెగయును. పూర్వము మండువా ఒక పొగగొట్టమువలె దానిని పైకి పంపి, వీధిగుమ్మమునుండి చల్లనిగాలిని లోనికి లాగెడిది. రాత్రులయందు పగటివేడిమినంతయు నిర్మలాకాశమునకు అప్పగించి రాళ్లు చల్లబడెడివి. మేము వాననొక్కదానినే మూసితిమనుకొంటిమి గాని, ఇంటి ఊపిరినే మూసితిమి.

అత్తగారు ఒక్కనాడును నిష్ఠురమాడలేదు. పీటను మాత్రము పెరటిగుమ్మములోనికి జరిపించుకొనిరి. తులసి పొడవుగా సాగి, ఆకు పలుచనయ్యెను. కార్తికము వచ్చెను. మొదటి సోమవారము సాయంకాలము ఆమె మనుమని చేయి పట్టుకొని, తడబడుచు మెట్లు దిగి వీధిలోనికి పోయి, విద్యుద్దీపముల నడుమ నక్షత్రమును వెదకుకొనుచుండగా మేము గుమ్మములోనుండి చూచితిమి. ఏబదియేండ్లు ఏ యింటిలో కూర్చుండి చుక్కను చూచిరో, ఆ యింటినుండి ఆమె చుక్కకొరకు వెలికి పోవలసివచ్చెను. ఆ రాత్రి మాకు అన్నము సహింపలేదు.

అదే సంవత్సరము డిసెంబరు 5వ తేదీని మిచాంగ్ తుఫాను బాపట్ల చేరువను తీరము దాటెను. అది మాకు దూరమే యైనను, దాని అంచుగాలికే మా రేకొకటి మేకులతో ఊడి, పొరుగువారి కొట్టముమీద పడెను. ఎవరికిని దెబ్బ తగులకుండుట మా పూర్వపుణ్యము. గాలి యొక్క బలము దాని వేగముతోపాటు సమముగా పెరుగదనియు, వేగము రెండింతలైనచో బలము నాలుగింతలగుననియు మావారు అపుడు చెప్పిరి. మన దేశపు నిర్మాణప్రమాణములలో గాలివేగమును హైదరాబాదునకు క్షణమునకు 44 మీటరులుగాను, విశాఖపట్టణమునకు 50 మీటరులుగాను లెక్కింతురు. ఈ 50 మీటరులనగా గంటకు 180 కిలోమీటరులు. అంతటి గాలి చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువంత ఒత్తిడి చూపును. మా మండువా వైశాల్యము 11 చదరపు మీటరులు. అనగా పదునారు క్వింటాళ్లకు మించిన బలము ఆ కప్పును పెల్లగింప చూచును. దానిని నాలుగు మేకులతో ఆపుదుమనుకొంటిమి!

అపుడు మాకు చలువపందిళ్లు జ్ఞప్తికి వచ్చినవి. చైత్రమున శ్రీరామనవమికి తాటియాకుల పందిరి వేసి, ఎండలు తగ్గగానే విప్పివేయుట మన యాచారము. కప్పు అనునది కాలమునుబట్టి ఉండవలయును, కాలమునుబట్టి పోవలయును అన్న తెలివి దానియందున్నది. కాని తాటియాకు వానకు ఆగదు. నిప్పురవ్వకు అసలే ఆగదు. దినమునకు పదిమార్లు వేసి, పదిమార్లు విప్పగల పందిరి యున్నచో ఎంత బాగుండును!

అట్టిది కలదని 2024వ సంవత్సరము సంక్రాంతికి విశాఖపట్టణమున మా పినతల్లికూతురి యింట చూచితిమి. వారి మేడమీద అల్యూమినియపు రెక్కల కప్పు ఉన్నది. దానిని అమ్మువారు లూవరు కప్పందురు. పాతబంగాళాల కిటికీలకు వాలుగా నుండు అడ్డపలకలను చూచియుందురు గదా. వానినే వెడల్పు చేసి, పడుకొనబెట్టి, కప్పుగా మార్చిన ఎట్లుండునో ఇదియు అట్లే. ఆస్ట్రేలియా మొదలగు దేశములలో ఇండ్ల ముందటి వసారాలపైనను, పెరటిలో కూర్చుండు తావులపైనను దీనిని విరివిగా వాడుదురు. రెక్కలన్నియు ఒకే కడ్డీకి కూర్పబడియుండుటచే ఒక్కమారుగా తిరుగును. పూర్తిగా మూసినపుడు ఒక రెక్కయంచు ప్రక్కరెక్క గాడిమీద పడి వాన దిగనీయదు. ఆ గాడిలో చేరిన నీరు చట్రములోని దోనెకు, అచ్చటినుండి గొట్టమునకు పోవును. పూర్తిగా నిలువబెట్టినపుడు రెక్కల సన్నని అంచులు తప్ప తక్కినదంతయు ఆకాశమే.

ఇంటికి వచ్చి చెప్పగా మావారు వెల విని మౌనము వహించిరి. బడిపంతులు జీతమునకు అది మించిన వస్తువే. రెండుదినములు ఆలోచించి, మేము మా పుట్టింటివారు పెట్టిన గాజులజత వారి చేతిలో పెట్టితిమి. ఆకాశమును మూయుమన్నది మేము. తెరచు ఖర్చును మాదే కావలయునని తోచెను.

ఇట్టి కప్పు వేయించుకొన తలచు సోదరీమణులకు, మేము డబ్బిచ్చి నేర్చుకొన్న సంగతులు కొన్ని చెప్పెదము.

మొదటిది దిక్కు. మాయూరు భూమధ్యరేఖకు సుమారు పదునారున్నర డిగ్రీల ఉత్తరమున నున్నది. సూర్యుడు మే మొదటివారమునను, ఆగస్టు మొదటివారమునను మధ్యాహ్నవేళ మాకు నడినెత్తికి వచ్చును. ఆ రెంటినడుమ మూడునెలలు మధ్యాహ్నసూర్యుడు కొంచెము ఉత్తరమునకు ఒరగును; తక్కిన తొమ్మిదినెలలు దక్షిణముననే యుండును. కాన రెక్కల పొడవు తూర్పుపడమరలుగా నుండునట్లు అమర్చించి, ఏటిలో ఎక్కువకాలము వాని సందులను ఉత్తరమునకు తెరచియుంతుము. ఎండ రెక్కల వీపున పడును. వెలుతురును గాలియు లోనికి దిగును. ఆ మూడునెలలు రెండవప్రక్కకు త్రిప్పుదుము. రెండుప్రక్కలకును తిరుగు రెక్కలను అడిగి తీసికొనుట మేలు.

రెండవది త్రిప్పు సాధనము. చినుకు తగిలినంతనే తమంతట తామే మూసికొను విద్యుద్యంత్రములు గలవు. మేము చేతితో త్రిప్పు పిడినే కోరితిమి. వెల తక్కువయనుట ఒక కారణము. తుఫానువేళ కప్పుతో నిజముగా పని పడునపుడు ఊరిలో కరెంటుండదనుట అంతకంటె పెద్ద కారణము.

మూడవది నీరు. 50 మిల్లీమీటరుల వాన కురిసినచో మా మండువామీదనే 550 లీటరులు పడును. మాకు బిగించినవారు దోనెను వాలులేకుండ సమముగా పెట్టిపోయిరి. 2024వ సంవత్సరము ఆషాఢమున పడిన మొదటి పెద్దవానకు దోనె పొంగి, వంటయింటి వసారాలో ధారకట్టెను. మరల పిలిపించి గొట్టమువైపునకు వాలు పెట్టించితిమి. బిగించిననాడే పైనుండి నాలుగు బిందెల నీరు పోయించి చూచుకొనియున్నచో ఆ శ్రమ తప్పెడిది. కొబ్బరిపీచును, పువ్వురాలును దోనెలో చేరును గనుక నెలకొకసారి తీయించుచున్నాము.

నాలుగవది ఉప్పుగాలి. అల్యూమినియము ఇనుమువలె త్రుప్పుపట్టదు. కాని సముద్రపుగాలి తగులుచోట దానికి ఇనుము ఆనుకొనియున్నచో, ఆ తాకినచోటనే అది తినివేయబడును. కనుక మరలన్నియు త్రుప్పుపట్టని ఉక్కువి వేయించి, పాత చువ్వల జాలికిని కొత్త చట్రమునకును నడుమ రబ్బరుబిళ్లలు పెట్టించితిమి. చట్రమును పెంకులపై జానెడు ఎత్తున నిలిపి, అంచులు చూరులమీదికి వచ్చునట్లు చేయించితిమి. కప్పు మూసియున్నపుడును వేడిగాలి ఆ సందుగుండ పోవును.

కప్పు వచ్చినను మా మనస్సు మాత్రము మారలేదని గత సంవత్సరమే తెలిసినది. వాన యనగానే పిడికొరకు పరుగెత్తుచు, చినుకు ఆగి గంటయైనను తెరచుట మరచుచు, కప్పు మూసియుండుటయే క్షేమమని లోలోపల నమ్ముచునే యుంటిమి. 2025వ సంవత్సరము అక్టోబరు 28వ తేదీని మొంథా తుఫాను వచ్చెను. అది ఆ రాత్రి నర్సాపురము చేరువను తీరము దాటెను. సాయంకాలమునుండియే కరెంటు పోయెను. కొబ్బరితోట సముద్రమువలె ఘోషించుచుండెను. మావారు లాంతరు వెలుతురున, కప్పు తయారుచేసినవారిచ్చిన పత్రమును తీసి చదివిరి. పెనుగాలి వీచునపుడు రెక్కలను నిలువుగా త్రిప్పి గొళ్లెము వేయవలయునని అందున్నది. మేము ఒప్పుకొనలేదు. “గాజులమ్మి మూయించుకొన్నది వాననాడు తెరచుటకా?” అని గట్టిగానే అంటిమి.

అత్తగారు గదిలో మంచముపైనుండి పిలిచిరి. “అమ్మాయీ, తొంబదియారులో ఏమి జరిగినదో నీవెరుగవు. ఆ రాత్రి తలుపులన్నియు బిగించి కూర్చుంటిమి. గాలి తూర్పుకిటికీని పెరికి లోనికి దూరెను. దూరిన గాలికి వెలికిపోవ దారిలేక పెంకులను ఎత్తిపోసెను. మీ మామగారును నేనును తులసికోటను కౌగిలించుకొని తెల్లవార్చితిమి. గాలికి దారియిమ్ము తల్లీ. వాన పడిననేమి? ఆ రాళ్లు వాన నెరుగనివా?” 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను ధ్వంసముచేసిన తుఫాను మాటను ఆమె మాయెదుట ఎత్తుట అదియే మొదలు. మేము మరి మాటాడలేదు. మావారు పిడి త్రిప్పిరి. రెక్కలు నిలువుగా లేచినవి. వాన యంతయు మండువాలో దబదబ పడెను. పూర్వమువలెనే రాళ్లమీదుగా ప్రవహించి తూములోనికి పోయెను. గాలి రెక్కలనడుమ ఈలలు వేయుచు వచ్చినదారినే పోయెను. మేము ఆమె మంచముచెంత కూర్చుండి రాత్రి గడపితిమి.

తెల్లవారినపిదప చూడగా పెరటిలో రెండు కొబ్బరిచెట్లు కూలియున్నవి. పెంకులు కొన్ని కదలినవి. ఒక కొబ్బరిమట్ట పడి ఒక రెక్క వంగెను. ఆ యొక్కదానిని మాత్రము తరువాత మార్పించితిమి. తక్కినవన్నియు నిలుచున్నవి నిలుచున్నట్లే యుండెను. ఎల్లప్పుడును తెరచియుండుటలో క్షేమము లేదని అత్తగారి మణికట్టు చెప్పెను. ఎల్లప్పుడును మూసియుండుటలోను లేదని మా వేసవి చెప్పెను. వేళ యెరిగి మూయుటయు, వేళ యెరిగి తెరచుటయు నేర్చిన చేయి లేనిదే ఎంత వెలగల కప్పైనను వట్టి రేకే. రెక్కల కప్పునకు తాహతు లేనివారు మూసితీయగల గట్టి గుడ్డతెరనైనను వేసికొనవచ్చును. గాలి లేవకముందే దానిని దింపవలయును. ఆకాశమును శాశ్వతముగా మూయుటకు మాత్రము తొందరపడవద్దని మా విన్నపము.

ఆ తుఫానుకు ముందటిదినము కార్తికమాసపు మొదటి సోమవారము. మబ్బులచే చుక్క కానరాక అత్తగారు ప్రొద్దుపోవువరకును వేచియుండిరి. నవంబరు 3వ తేదీ రెండవ సోమవారము. ఆకాశము కడిగినట్లుండెను. పీట తిరిగి తులసికోటప్రక్కకు వచ్చియుండెను. సందెవేళ మేము పిడి పట్టుకొనబోగా, ఆమె “నేను త్రిప్పెద నుండుము” అనిరి. ఒకప్పుడు చిట్లిన ఆ కుడిచేతితోనే మెల్లమెల్లగా త్రిప్పిరి. రెక్కలు ఒక్కొక్కవ్రేలెడే ఎత్తుకొని నిలువైనవి. ఆమె పీటపై కూర్చుండి తల యెత్తి కొంతసేపు చూచి, “అదిగో” అనిరి. మేమును చూచితిమి. పిదప లోనికి పోయి విస్తరి వేసితిమి.